ఇంట్లో కలర్ ప్రింటింగ్ (ఆర్‌ఏ-4)

కలర్ నెగటివ్‌ను ఎన్‌లార్జర్‌లో పెట్టి, ఆ బొమ్మను కలర్ ఫొటో కాగితంపై ముద్రించే పద్ధతి ఇది. నేడు వాడుకలో ఉన్నది కొడాక్ రూపొందించిన ఆర్‌ఏ-4 ప్రక్రియ. డెవలపర్ కాగితంలో వెండిని, దాని వెంటే రంగులను పుట్టిస్తుంది. బ్లిక్స్ అనే రెండో ద్రావణం ఆ వెండిని తొలగించి రంగులను మాత్రమే మిగులుస్తుంది. రెంటి మధ్య స్టాప్‌బాత్ వాడితే మరకలు పడవు. ల్యాబుల్లో 35 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కో ద్రావణంలో 45 సెకన్లు చాలు. ఇంట్లో గది వేడిమికే, సమయం పెంచి చేసేవారున్నారు.

బ్లాక్ అండ్ వైట్ ప్రింటింగ్‌లోని ఎర్రదీపం ఇక్కడ పనికిరాదు. కాగితానికి ఎరుపూ కనబడుతుంది! అందుకే చీకట్లోనే కాగితాన్ని వెలుతురు చొరని డ్రమ్ములోకి ఎక్కించి, మూత బిగించాక లైటు వేసుకోవడం సుఖం.

అసలు కష్టం రంగుల సర్దుబాటు. నెగటివ్‌లోని నారింజ పొర వృథా కాదు, రంగుల లోపాలను సరిదిద్దడానికి పెట్టినదే. దాన్ని లెక్కలోకి తీసుకుని పసుపు, మెజెంటా ఫిల్టర్లు అమర్చాలి. సయాన్ సాధారణంగా సున్నా. ప్రింటు పసుపెక్కితే పసుపు ఫిల్టరు పెంచాలి, తగ్గించకూడదు. కొత్తవారు తికమకపడేది ఇక్కడే. తడి ప్రింటు రంగు నమ్మదగింది కాదు. ఆరబెట్టి, పగటి వెలుతురులో చూసి తేల్చుకోవాలి.

డిజిటల్ ఫొటోలను లేజర్‌తో ముద్రించే ల్యాబులూ ఇదే రకం కాగితం వాడతాయి. ఫిల్ము వాడకం తగ్గినా కాగితం దొరుకుతున్నది అందువల్లే.