ఋతువు మారితే తిండి మారుతుంది: సముద్రపు జంతు ప్లవకాల చరిత్ర



భిలాయ్ ఉక్కు పట్టణంలోని ఖుర్సీపార్‌లో జూలై నెలలో కురిసిన వాన వాగులూ వంకలూ దాటి చివరికి శివనాథ్ నదికి చేరుతుంది. శివనాథ్ మహానదిలో కలుస్తుంది. మహానది హీరాకుడ్ జలాశయం దాటి, పారాదీప్ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖుర్సీపార్‌లో ఉన్నాయి. వారు వదిలివచ్చిన తీరం ఏ సముద్రానిదో, వారి ఇంటి కప్పు మీద పడిన వాననీరు చేరేదీ ఆ సముద్రానికే. ఆ నీటిలో కంటికి కనబడీ కనబడకుండా ఉండే జంతువులు ఏ కాలంలో ఏం తింటాయి? ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి శాస్త్రజ్ఞులకు ఒక శతాబ్దం పట్టింది. ఆ చరిత్రే ఈనాటి మన పాఠం.

ప్లవకాలు అంటే ఏమిటి?

నీటి ప్రవాహంతోపాటు కొట్టుకుపోయే జీవులను ప్లవకాలు అంటాం. 1887లో జర్మన్ శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్ వీటికి ‘ప్లాంక్టన్’ అని పేరు పెట్టారు. సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునేవి వృక్ష ప్లవకాలు. వాటిని, లేదా ఒకదానినొకటి, తిని బతికేవి జంతు ప్లవకాలు. బియ్యపు గింజ కంటే చిన్నవైన కోపిపోడ్‌లు వీటిలో ముఖ్యమైనవి. చేప పిల్లలు కోపిపోడ్‌లను తింటాయి, పెద్ద చేపలు చిన్న చేపలను తింటాయి. జాలరి వల నిండడం, నిండకపోవడం ఈ గొలుసు మొదటి లంకె మీద ఆధారపడి ఉంటుంది.

తిండి సరిపోదన్న వాదం

హెన్సెన్ పట్టువలతో నీటిని వడగట్టి, అందులోని జీవులను లెక్కపెట్టారు. ఆ లెక్కలు చూసిన ఆగస్ట్ ప్యూటర్ 1907 తర్వాత ఒక వాదం లేవదీశారు. నీటిలో కనబడే ఆహారం ఈ జంతువులన్నిటికీ సరిపోదు, కాబట్టి అవి నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాన్నే నేరుగా పీల్చుకుంటున్నాయి అన్నారాయన.

నిజానికి లోపం వలలోనే ఉంది. అపెండిక్యులేరియన్లు అనే జంతు ప్లవకాలు తమ చుట్టూ జిగురుతో ఒక గూడు కట్టుకుంటాయి. అందులో అతి సన్నని జల్లెడ ఉంటుంది. హాన్స్ లోమన్ ఆ జల్లెడలో చిక్కిన పదార్థాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. మనుషుల పట్టువలలోంచి జారిపోయిన అతి చిన్న కణాలు అక్కడ కుప్పలుగా ఉన్నాయి. మనిషి వలకు చిక్కని తిండి ప్లవకం వలకు చిక్కిందన్నమాట!

ఏడాది పొడుగునా పరిశీలన

తిండి ఉందని తేలింది. మరి ఏడాదంతా అదే తిండేనా? ఒక్క రోజు నమూనాతో ఈ ప్రశ్న తేలదు. స్కాట్లండ్‌లోని మిల్‌పోర్ట్ కేంద్రంలో షీనా మార్షల్ 1923వ సంవత్సరమంతా కాలానస్ అనే కోపిపోడ్‌లను పట్టి, వాటి జీర్ణనాళాలలో ఏముందో చూసి, 1924లో ఫలితాలు ప్రచురించారు. గాజు పెంకులాంటి కవచం గల డయాటమ్‌లతోపాటు డైనోఫ్లాజెల్లేట్లు, ఇతర చిన్న జీవుల అవశేషాలు కూడా వాటిలో కనిపించాయి. ఒకే జీవి కాలాన్నిబట్టి వేరువేరు ఆహారం తీసుకుంటుందన్నమాట. ఆ చల్లని సముద్రాలలో చలికాలం వస్తే కాలానస్‌లు ఒంట్లో నూనె నిల్వ చేసుకుని లోతుకు దిగిపోతాయి, వసంతంలో పైకి వస్తాయి.

మన తీరం, మన ఋతువులు

ఐరోపా పుస్తకాలలోని ఈ వసంతం, ఈ శీతకాలం మన సముద్రానికి వర్తిస్తాయా? ఈ ప్రశ్నకు జవాబు వాల్తేరులో దొరకసాగింది. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్, ఇక్కడి పరిశోధకులతో కలిసి తీరపు నీటిని కొలిచారు. వేసవి మొదట్లో తీరం వెంబడి వీచే గాలులకు పైనీరు దూరంగా జరిగి, అడుగునుంచి చల్లని, పోషకాలున్న నీరు పైకి వస్తుందని 1954లో ప్రకటించారు. వానాకాలం ముగిశాక దీనికి విరుద్ధంగా జరుగుతుంది. పైనీరు తీరంవైపు చేరి కిందికి దిగుతుంది.

పి.ఎన్. గణపతి, డి.వి. సుబ్బారావులు లాసన్స్ బే ప్లవకాలను లెక్కగట్టి 1958లో ప్రచురించారు. ఒక డయాటమ్ విపరీతంగా పెరిగి వాల్తేరు దగ్గర సముద్రపు రంగే మారిన సంగతిని సుబ్బారావు 1969లో వివరించారు. అలాంటి రోజుల్లో కోపిపోడ్‌లకు విందే. మరి మిగతా రోజుల్లో?

విందు లేని రోజుల్లో

ఈ చిక్కుముడిని విప్పడానికి అరేబియా సముద్రం తోడ్పడింది. 1966లో ఏర్పడిన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన మధుప్రతాప్, ఆయన సహచరులు 1996లో ఒక వింతను బయటపెట్టారు. ఋతుపవనాల కాలంలో వృక్ష ప్లవకాలు బాగా పెరుగుతాయి, మధ్యకాలంలో తగ్గిపోతాయి. కాని పైపొరలోని జంతు ప్లవకాల మొత్తం మాత్రం ఏడాదంతా పెద్దగా మారడంలేదు! తిండి తగ్గినా తినేవారు తగ్గకపోవడం ఎలా సాధ్యం?

వారు చెప్పిన కారణం ఇది. కరువుకాలంలో నీటిలో కరిగిన సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా తింటాయి. బాక్టీరియాను సూక్ష్మ ఏకకణ జీవులు తింటాయి. వాటిని జంతు ప్లవకాలు తింటాయి. ఫరూక్ ఆజమ్, ఆయన సహచరులు 1983లో ‘సూక్ష్మజీవుల వలయం’ అని పేర్కొన్నది దీనినే. ప్యూటర్ చెప్పిన కరిగిన పదార్థం ఇక్కడ మళ్లీ కనబడింది. అది జంతు ప్లవకాల నోటికి నేరుగా కాక, రెండు చేతులు మారి చేరుతోంది.

బంగాళాఖాతంలో మరొక మెలిక ఉంది. మహానది, గోదావరి వంటి నదులు తెచ్చిన మంచినీరు తేలిక కనుక ఉప్పునీటిపై మూతలా పరుచుకుంటుంది. అడుగునున్న పోషకాలను అది పైకి రానివ్వదు. మబ్బులు వెలుతురును తగ్గిస్తాయి. నైరుతి ఋతుపవనాల కాలంలో అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతం ఉత్పత్తి తక్కువగా ఉండడానికి ఈ మూతే ముఖ్య కారణమని 2002లో ప్రసన్న కుమార్, ఆయన సహచరులు వివరించారు. కాబట్టి ఖుర్సీపార్ వాన సముద్రానికి ఎరువు మాత్రమే అనుకోకూడదు, ఒక్కొక్కప్పుడు అది మూత కూడా అవుతుంది.

దీనివల్ల మనకేమిటి?

గుడ్డునుంచి వెలువడిన చేప పిల్లకు మొదటి రోజుల్లో నోటికి సరిపడే తిండి దొరకకపోతే ఆ ఏటి చేపల సంతతే తగ్గిపోవచ్చునని నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ యోర్ట్ 1914లోనే సూచించారు. సముద్రం వేడెక్కి, వానల తీరు మారుతున్న ఈ కాలంలో ఆ తిండి సకాలంలో అందుతుందా అనేది తీరంలోని ప్రతి జాలరి ఇంటి సమస్య. దానికి స్కాట్లండ్ పంచాంగం పనికిరాదు. మన తీరంలో, మన నెలల ప్రకారం, ఏడాది తర్వాత ఏడాది ఓపికగా వల వేసి చూడవలసిందే.

ఆలోచించండి: మీ ఊరి వాననీరు ఏ నది ద్వారా ఏ సముద్రం చేరుతుంది? అక్కడి ప్లవకాలను ఒక్క నెలలోనే పరిశీలిస్తే మనం ఏమేమి పొరపాటుగా అర్థం చేసుకోవచ్చు?