అప్పికట్ల స్టేషను, లివర్‌పూల్ వీధి

ఆ తాటిమట్ట ఇంకోటి మంటలోకి నెట్టరా అబ్బాయ్, చెబుతా.

మా రోజుల్లో రేపల్లె నుంచి బాపట్ల వ్యవసాయ కాలేజీకి పోవాలంటే పాసింజరెక్కి, తెనాల్లో దిగి, మద్రాసు వైపు బండి పట్టుకోవాలి. హాస్టల్లో ఒక ఉన్నింటి కుర్రాడికి ట్రాన్సిస్టరుండేది. రాత్రి భోజనాలయ్యాక రేడియో సిలోను పెట్టేవాడు. అందరూ హిందీ పాటలకు కాచుకుంటే నేను ఇంగ్లీషు పాటలకు కాచుకునేవాణ్ని. బీటిల్స్ నాకు అలా దొరికారు. లివర్‌పూల్ అనే రేవు పట్నం కుర్రాళ్లు, నలుగురు. వాళ్లలో జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ ఎవరు పాట రాసినా ఇద్దరి పేర్లూ వేసుకునేవాళ్లు. కుర్రతనపు ఒప్పందమది, జట్టు ఉన్నన్నాళ్లూ నిలబెట్టుకున్నారు.

1966లో 'ఎలినార్ రిగ్బీ' వచ్చింది. గిటారు లేదు, డ్రమ్ములు లేవు. నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు, అంతే. పెళ్లయిపోయాక చర్చిలో రాలిన బియ్యం ఏరుకునే ఒంటరి ఆడమనిషి కథ. అదే చర్చిలో ఇంకో ఒంటరి, ఫాదరుగారు. ఎవరూ వినని ప్రసంగం రాసుకుంటాడు, రాత్రిళ్లు తన మేజోళ్లు తనే కుట్టుకుంటాడు. చివరికి ఆమెను పాతిపెట్టేది ఆయనే. నిండా రెండున్నర నిమిషాలు లేని పాటలో రెండు బతుకులు పట్టాయి! పాతికేళ్లు నిండని మెకార్ట్నీకి అంత ఒంటరితనం ఎలా అందిందోరా! మన పెళ్లిపందిట్లో అక్షింతలు ఊడ్చే ముసలమ్మ మొహం నేను చూసింది ఆ పాట విన్నాకే.

మరుసటేడు 'పెన్నీ లేన్'. వాళ్లూళ్లో నిజంగా ఉన్న వీధి. మంగలి, బ్యాంకు ఆసామి, ఫైరింజను మనిషి, వీళ్లే పాట. మన తెనాలి బోసురోడ్డు మీద కట్టినట్టు.

అలాంటి పాట మనకీ ఉంది. బాపట్ల వచ్చేముందు అప్పికట్ల స్టేషనుందా, కొసరాజు రాఘవయ్యచౌదరిగారు ఆ ఊళ్లోనే పుట్టారు. 1955లో 'రోజులు మారాయి' సినిమాకి 'ఏరువాక సాగారో' పాట రాశారు. మాస్టర్ వేణు బాణీ, జిక్కి గొంతు. దుక్కి దున్నేవాడి పనే ఆ పాట. ఆ బాణీ బొంబాయి దాకా పోయి 1960లో 'బంబై కా బాబూ' హిందీ సినిమాలో వినిపించింది. జానపదమని చెప్పి కొసరాజుగారిని ఓ మూలకు నెట్టేస్తుంటే నాకు కష్టమేస్తుంది. మెకార్ట్నీ తన వీధికి చేసింది, ఆయన పన్నెండేళ్ల ముందే మన పొలానికి చేశారు.

నీ ఫోనులో రెండూ ఉంటాయి. ముందు 'ఎలినార్ రిగ్బీ' పెట్టు, వెంటనే కొసరాజుగారిది పెట్టు. ఒక్క మాటా వదలకుండా విను.