చెరిసగము: వరంగల్లు, సూరత్ కళాశాలల కథ

సూరత్ నగరమున ఆల్థాన్ ప్రాంతమందు నివసించు మనవారికి డూమస్ రోడ్డు మీది ఇంజనీరింగు విద్యాలయము సుపరిచితమే. కార్యాలయమునకు పోవుచునో, సాయంకాలపు షికారులోనో దాని ప్రహరీగోడ ప్రక్కగా మనము అనేక పర్యాయములు నడచియుందుము. కాని దాని ద్వారమునకును మన తెలుగు పిల్లలకును గల సంబంధ మెట్టిదో మనలో పెక్కురు ఆలోచించినవారు కారు. నిరుటి ఉగాది వరకు నేనును ఆలోచింపలేదు.

ఆనాడు సభ ముగిసి ఉగాది పచ్చడి పంచుచుండగా, లింబాయత్ నుండి వచ్చిన మరమగ్గపు కార్మికులొకరు నన్ను పలుకరించిరి. ఆయన స్వస్థలము కరీంనగరము. "సారూ, పిల్లగాడు పదోతరగతి పరీక్ష రాసిండు. లెక్కలల్ల మంచిగున్నడు. ఇంజనీరు చేయాలని మా ఆశ. ఈడి కాలేజి ఈళ్ళది గదా. మనది వరంగల్లుల ఉన్నదాయె. రెండేండ్లు ఆడ మా అక్కోళ్ళింట్ల ఉంచి ఇంటరు చదివిస్తే అయితదా?" అని అడిగిరి. నేను దస్త్రముల నడుమ కాలము గడపిన ఆర్ట్సు పట్టభద్రుడను. విచారించి చెప్పెదనంటిని. ఆ విచారణయే ఈ వ్యాసమునకు మూలము.

పూర్వము మనవారికి ఇంజనీరింగు విద్య ఎట్లు లభించెడిదో తెలిసికొనుటకు ఈ నగర చరిత్రయందే ఒక దృష్టాంతము కలదు. 1896లో సూరత్‌నందు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పనిచేసినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వులది గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము. వారిది మైసూరు రాజ్యమున స్థిరపడిన తెలుగు కుటుంబము. బాల్యముననే తండ్రిని కోల్పోయి, బెంగుళూరులో పిల్లలకు చదువు చెప్పుచు తాము చదివి, 1881లో బి.ఏ. పట్టము పొందిరి. తరువాత మైసూరు ప్రభుత్వము విద్యార్థివేతన మొసగుటచేత పూనా సైన్సు కళాశాలలో చేరి, 1883లో ఎల్.సి.ఇ. పరీక్షయందు ప్రథములుగా నిలిచిరి. ఆ విద్యార్థివేతనమే లేకున్నచో, 1908 నాటి మూసీ వరదల పిమ్మట హైదరాబాదు నగర రక్షణకు ఉపాయము చెప్పిన ఆ మహనీయుడు మనకు దక్కియుండునా?

స్త్రీల విషయము మరియు కష్టతరము. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాల 1794 నాటి సర్వే పాఠశాలనుండి వృద్ధిచెందినది. అట్టి ప్రాచీన సంస్థలో మొట్టమొదటగా 1940లో చేరిన విద్యార్థిని అయ్యలసోమయాజుల లలితగారు తెలుగు ఆడపడుచు. పదునెనిమిదేండ్లకే వితంతువై, ఒడిలో పసిబిడ్డతో నున్న ఆమెకు, ఆ కళాశాలయందే ఆచార్యులైన తండ్రి పప్పు సుబ్బారావుగారు ప్రవేశము సంపాదించిరి. ఆమె విద్యుత్ ఇంజనీరింగు నభ్యసించి, భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ ప్రసార పనులలో పాల్గొనిరి. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభకు హాజరైరి. అయినను ఒక మాట తప్పదు: అట్టి తండ్రి లేని పిల్లల గతి యేమి?

ఒకరికి సంస్థానము కరుణించెను, ఒకరికి తండ్రి అండ నిలిచెను. ఇట్టి అదృష్టముపై ఆధారపడనక్కరలేని మార్గము స్వాతంత్ర్యానంతరమే ఏర్పడినది. రెండవ పంచవర్ష ప్రణాళిక నాడు నదీప్రాజెక్టులకును, కర్మాగారములకును వేలకొలది ఇంజనీర్లు కావలసివచ్చిరి. అప్పుడు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు కలసి ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలను నెలకొల్ప నిశ్చయించినవి. వానిలో మొదటిదైన వరంగల్లు కళాశాలకు 1959 అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన గావించిరి. గుజరాత్ రాష్ట్రము 1960 మే 1న అవతరించెను. మరుసటి సంవత్సరము, 1961లో, సర్దార్ వల్లభభాయి పేర సూరత్ కళాశాల సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ శాఖలతో ఆరంభమయ్యెను. అనగా ఈ రెండును ఒకే ప్రణాళికనుండి పుట్టిన తోబుట్టువులు.

వీని నిర్మాణమున చెరిసగమను సూత్రము రెండు తావుల కానవచ్చును. పట్టపు తరగతుల నిర్వహణ వ్యయమును కేంద్రము, రాష్ట్రము చెరిసగము భరించెడివి. సీట్లలోను సగము ఆ రాష్ట్రపు విద్యార్థులకు, సగము ఇతర రాష్ట్రములవారికి కేటాయింపబడెను. ఏ రాష్ట్రపు పిల్లవాడును తన యూరికి దగ్గరలోనే అవకాశము పొందవలెను. ఏ కళాశాలయు ఒక్క భాషవారికే పరిమితము కారాదు. ఈ రెండు కోరికలకును ఆ నియమము చోటిచ్చినది. 2002 మొదలు ఈ కళాశాలలు జాతీయ సాంకేతిక సంస్థలుగా మారినవి. 2007 నాటి చట్టము వానికి జాతీయ ప్రాముఖ్యము గల సంస్థలను హోదా నొసగెను. ప్రవేశము అఖిల భారత పరీక్ష ద్వారా జరుగుచున్నది. చెరిసగము సూత్రము మాత్రము నిలిచియున్నది.

ఇచ్చటనే ఆ కరీంనగరపు తండ్రి ప్రశ్నకు సమాధానము దొరకినది. స్వరాష్ట్రమనగా పుట్టిన యూరు కాదు, మాతృభాషయు కాదు. పన్నెండవ తరగతి ఏ రాష్ట్రమున ఉత్తీర్ణుడైనచో, ఈ సీట్ల లెక్కకు అదియే విద్యార్థి స్వరాష్ట్రము. సూరత్‌లో పన్నెండవ తరగతి ముగించిన తెలుగు బాలుడు ఇచ్చటి కళాశాలలో గుజరాతీ బాలునితో సమానముగా స్వరాష్ట్రపు సగమునకు అర్హుడు. వరంగల్లులో ఇతర రాష్ట్రముల సగమునకు పోటీపడవచ్చును. "ఈళ్ళది" అని ఆయన తలచిన కళాశాల ఆయన కుమారునిది కూడ. అంతేకాదు, ప్రవేశపరీక్షను 2021 నుండి తెలుగులోను వ్రాయవచ్చును. సాలీన కుటుంబాదాయము లక్ష రూపాయలకు లోబడినవారికి బోధన రుసుము పూర్తిగను, ఐదు లక్షలకు లోబడినవారికి మూడింట రెండు వంతులును మినహాయింపబడును. బాలికలకు 2018 నుండి అదనపు సీట్లు కల్పింపబడినవి. లలితగారి కాలమున ఒక తండ్రి కోరవలసివచ్చినది నేడు నియమమైనది.

ఈ నియమము మన ఉద్యోగులకును ముఖ్యమే. బదిలీ ఉత్తరువు వచ్చినప్పుడు మనము ఇంటి అద్దెను, సామాను రవాణాను లెక్కించెదము. పిల్లలు పన్నెండవ తరగతి ఏ రాష్ట్రమున ముగింతురో ఆలోచింపము. తరువాత చింతించి ప్రయోజనము లేదు.

నియమముండుట వేరు, అది అవసరమైనవారికి తెలియుట వేరు. సూరత్‌లో తెలుగువారు అధికసంఖ్యాకులు వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గములను నమ్ముకొని వచ్చినవారు. వారి పిల్లలకొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడుపుచున్నది. ఆ పాఠశాలనుండి డూమస్ రోడ్డు ద్వారము వరకు గల దారి ఆ తలిదండ్రులకు చెప్పువారు కావలెను. ఉత్తరువులు చదువుట, దరఖాస్తులు పూరించుట మనకు నిత్యకృత్యము. ఆదివారమున ఒక గంట ఆ పని లింబాయత్‌లో చేసినచో మన సంఘమునకు అంతకంటె సాంస్కృతిక కార్యక్రమము వేరొకటి యుండదని నా అభిప్రాయము.

ఆ బాలుడు వరంగల్లు పోలేదు. సూరత్‌లోనే పదునొకండవ తరగతి చదువుచున్నాడు. సీటు లభించునో లేదో అతని కృషినిబట్టి యుండును. మొన్న మా యింటికి వచ్చినప్పుడు, ఆ విద్యాలయమును లోపలికి పోయి చూడవచ్చునా అని అడిగినాడు. వచ్చే ఆదివారము ఇద్దరము కలసి పోవుటకు నిశ్చయించుకొంటిమి.