చెప్పని జోకుకు జైలు

తెలుగు సినిమాలో సాయిబు నవ్వులపాలు కావాల్సిందే. 'నిమ్మల్కీ, నమ్మల్కీ' అంటూ వచ్చీరాని తెలుగు మాట్లాడాలి, హాలంతా గొల్లుమనాలి. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష రాని మా దూదేకుల పిల్లలు కూడా బడిలో ఆ మాటతోనే వెక్కిరింపు పడ్డారు. మమ్మల్ని చూసి నవ్వడం ఎవరికీ తప్పనిపించలేదు. మాలో ఒకడు మైకు పట్టుకుని తనే నవ్వించబోతే ఏమైందో మునవ్వర్ ఫారూఖీని చూస్తే తెలుస్తుంది.

హాస్యం మాకేం కొత్త కాదు. సులేమాన్ ఖతీబ్, సర్వర్ దండా దక్కనీలో నవ్వించి నవ్వించి ఏడిపించారు. 'జిందాదిలాన్-ఎ-హైదరాబాద్' హాస్య ముషాయిరాలు మా పెద్దలకు పండగలే. మునవ్వర్‌ది ఆ తోవ కాదు. 1992లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో పుట్టాడు. 2002 మారణకాండలో ఇల్లు పోయింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. ముంబయి డోంగ్రీకి చేరి గిన్నెల దుకాణంలో పనిచేశాడు, గ్రాఫిక్ డిజైన్ నేర్చుకున్నాడు, ఆ తర్వాత స్టాండప్ కామెడీకి వచ్చాడు. పోగొట్టుకున్న ఇంటినీ డోంగ్రీ గల్లీలనూ జోకులుగా చెప్పాడు. గాయాన్ని చూపించి అడుక్కోలేదు, నవ్వించాడు. కొందరికి కంటగింపైంది అదే.

2021 జనవరి 1న ఇండోర్‌లోని ఒక కేఫ్‌లో అతని ప్రదర్శన. బీజేపీ ఎమ్మెల్యే కొడుకు మనుషులతో వచ్చి అడ్డుకున్నాడు, దేవతలను అవమానించాడని ఫిర్యాదు చేశాడు. ఆ రోజు అవమానించినట్టు వీడియో సాక్ష్యం లేదని పోలీసు అధికారే పత్రికలకు చెప్పాడు. అయినా జైలు! హైకోర్టు బెయిలు ఇవ్వలేదు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు ఇస్తే గాని బయటికి రాలేదు. అతనితో పాటు పట్టుకున్న నళిన్ యాదవ్ అతని తర్వాత కూడా లోపలే ఉన్నాడు. సాయిబు పక్కన నిలబడ్డవాడికీ అదే గతి.

అతని జోకులన్నీ మాకు నచ్చాయని కాదు. కొంకణీల మీద వేసిన ఒక జోకుకు 2024 ఆగస్టులో క్షమాపణ చెప్పాడు, చెప్పాల్సిందే. టీవీ పోటీలు గెలిచాడు, 2024 జనవరిలో 'బిగ్ బాస్' సహా. ఆ మెరుపుల మధ్య పాత పదును మాకంతగా కనిపించలేదు. మాకు గుర్తుండేది ఇండోర్, బెంగుళూరు, హైదరాబాద్.

బెదిరింపులతో రెండు నెలల్లో పన్నెండు ప్రదర్శనలు ఆగిపోయాయన్నాడు. 2021 నవంబర్ 28న బెంగుళూరులో పోలీసులే నిర్వాహకులను వద్దన్నారు. ద్వేషం గెలిచింది, కళాకారుడు ఓడిపోయాడు అని రాసుకున్నాడు. ఆ డిసెంబర్‌లో అప్పటి మంత్రి కేటీఆర్ హైదరాబాద్ రమ్మని పిలిచాడు. ఆ పిలుపు మాకు సంతోషమే. 2022 ఆగస్టు 20న శిల్పకళావేదికలో ప్రదర్శన జరిగింది. ఎట్లా? తగలబెడతానని బెదిరించిన ఎమ్మెల్యే రాజాసింగ్‌ను ముందే ఇంట్లో ఆపి, హాలు చుట్టూ పోలీసులను నిలబెట్టి! లోపల జనం నవ్వుకుని ఇళ్ళకు వెళ్ళారు. రెండు రోజులకే రాజాసింగ్ ప్రవక్తను కించపరిచే వీడియో పెట్టాడు. పార్టీ సస్పెండ్ చేసింది, పీడీ చట్టం కింద జైలుకు పంపారు, నవంబర్‌లో హైకోర్టు విడుదల చేసింది. ఈలోగా పాతబస్తీలో నిరసనలు, లాఠీలు. జోకు మాదాపూర్‌లో, దెబ్బలు శాలిబండలో.

ఆగస్టు 28న ఢిల్లీలో జరగాల్సిన ప్రదర్శనకు అక్కడి పోలీసులు అనుమతి ఇవ్వలేదు. ఆ ప్రాంతంలో మత సామరస్యం దెబ్బతింటుందట.