చప్పుడు లేని సైకిలుకు గంట

ఎడ్లబండికి గంట ఎవరూ కొని బిగించలేదు. చక్రము చుట్టూ వేసిన ఇనుపపట్టా రాళ్ళమీద చేసే గలగల, కందెన తగ్గిన ఇరుసు కిర్రుమనుట, ఎద్దుల మెడలోని మువ్వలు, ఇవన్నీ కలిసి బండి మలుపు తిరగకముందే దాని రాకను చాటేవి. టపా మోసే బంట్రోతు సైతము చేతికఱ్ఱకు మువ్వలు కట్టుకొని పరుగెత్తేవాడు. దారిని కదిలే ప్రతిదీ తన చప్పుడు తానే వెంటబెట్టుకొని వచ్చేది.

1860 దశకములో ఐరోపాలో తిరిగిన తొలి తొక్కుడు బండ్లు కూడా ఇట్టివే. వాటి చక్రములు కొయ్యవి, పట్టాలు ఇనుపవి. ఎముకలను కదిలించే బండి అని జనము దానికి పేరు పెట్టారు. తరువాత చక్రమునకు గట్టి రబ్బరు వచ్చినది. 1888లో బెల్‌ఫాస్టు నగరములో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరును తయారు చేశాడు. రబ్బరు కుదుపుతోపాటు చప్పుడును కూడా మింగివేసినది. బ్రిటనులో సైకిలు గంటను 1877 ప్రాంతమున జాన్ రిచర్డ్ డెడికోట్ రూపొందించాడని చెప్పుతారు. గాలి టైరు పుట్టిన 1888లోనే అక్కడి స్థానిక పరిపాలనా చట్టము సైకిలును బండిగా గుర్తించి, ఇతరులను దాటిపోయేవాడు గంటతోగాని ఈలతోగాని ముందుగా తెలియజేయవలెనని విధించినది.

ఈ నిశ్శబ్దపు బండికి నరసాపురము వంటి చోటు తగిన చోటే. మిట్టపల్లములు లేని డెల్టా నేల; 1847లో మొదలై 1852లో పూర్తి అయిన ధవళేశ్వరము ఆనకట్ట తరువాత కాలువలు, వాటి వెంట గట్లు ఏర్పడినవి. గట్టుమీది దారిలో ఒకప్రక్క నీరు, మరొకప్రక్క చేనులోనికి దిగే వాలు. ముందు నడిచే మనిషి తలపై గడ్డిమోపు ఉంటే చెవులు సగము మూసుకొనిపోతాయి. వెనుకనుంచి వచ్చిన సైకిలు మోచేతి దగ్గరకు వచ్చి గంట కొట్టినదనుకొందాము. ఉలిక్కిపడినవాడు ఎటు గెంతుతాడో అతనికే తెలియదు!

లెక్క వేసి చూడవచ్చును. గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోయే సైకిలు సెకనుకు సుమారు 4 మీటర్లు పోతుంది. నడిచేవాడు సెకనుకు ఒక మీటరుకు కొంచెము పైగా నడుస్తాడు. అంటే వారి నడుమ దూరము సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గుతుంది. 20 మీటర్ల దూరమున గంట వినబడితే ఆరేడు సెకనుల వ్యవధి ఉంటుంది. తలతిప్పి చూచి, మోపు సర్దుకొని, ఒదిగి నిలువవచ్చును. ఆరు మీటర్ల దగ్గర వినబడితే మిగిలేది రెండే సెకనులు.

కనుక గంటను ఎంచుకొనవలసినది తొక్కేవాని చెవితో కాదు, ముందు నడిచేవాని చెవితో. దుకాణములో మీట నొక్కి తన చెవికి ఇంపుగా ఉన్నదని కొనేవారే ఎక్కువ. ఒకరిని పాతిక అడుగుల అవతల కాదు, అరవై డెబ్బది అడుగుల అవతల, వీపు ఇటు త్రిప్పి నిలబెట్టి మ్రోగిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

గిన్నె ఎంత చిన్నదై, ఎంత మందమైతే స్వరము అంత హెచ్చు. వయసు మీరినవారికి మొదట వినికిడి తగ్గేది హెచ్చు స్వరములకే. వారికి కీచుగంట ఉన్నా లేనట్లే. పోనీ మరీ మంద్రమైనది కొందామంటే, నీటి ఇంజనుల దడదడలో అది కలిసిపోతుంది. నడిమి స్వరము గల పెద్ద గిన్నె మేలు. దెబ్బ తీరు కూడా ముఖ్యమే. శబ్దము రెండు చెవులకు చేరే కాలములోను, తీవ్రతలోను ఉండే చిన్న తేడాలనుబట్టి మెదడు దిక్కును గ్రహిస్తుంది. సన్నగా సాగే ఒకే స్వరముకంటె, పలు స్వరములు కలిసి తటాలున మొదలయ్యే దెబ్బ ఈ పనికి అనుకూలము. మీటను నొక్కగానే పళ్ళచక్రములు తిరిగి, లోపలి వదులు బిళ్ళలు గిన్నె అంచును వరుసగా కొట్టే పాత రకపు గంటలో ఈ గుణము ఉన్నది. ఒక్క దెబ్బతో టింగుమనేది మర్యాదగా ఉంటుందిగాని, గాలి వీచేవేళ ఆ ఒక్కటీ తప్పిపోవచ్చును.

ఈ చిక్కు సైకిలుతో ముగియలేదు. విద్యుత్తు కార్లు వచ్చి అవీ నిశ్శబ్దమైనందున, 2019 జూలైనుంచి ఐరోపా సమాఖ్యలో కొత్త రకపు విద్యుత్తు కార్లు గంటకు 20 కిలోమీటర్ల వేగము వరకు తమంతట తామే శబ్దము చేయవలెనన్న నిబంధన అమలులోకి వచ్చినది. ఎద్దు మెడలోని మువ్వ చేసిన పని ఇదే కదా!

నరసాపురములో మరొక సంగతి చూచుకొనవలెను. సముద్రము దగ్గర, ఉప్పుగాలి. ఇనుపగిన్నెపై పూత లేచిన చోట త్రుప్పు పట్టి నాదము చచ్చిపోతుంది. ఇత్తడి నల్లబడుతుందేగాని త్రుప్పు పట్టదు. అజ్జరము ఇత్తడి పనికి పేరుపడిన ఊరు. ఇత్తడి నాదము ఎట్టిదో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. గిన్నెను నడిమి మరతోనే బిగించి అంచును దేనికీ తగలకుండా ఉంచవలెను. కంపించేది అంచే గనుక బ్రేకు తీగ ఆనినా మ్రోగదు. వానకాలము ముందు స్ప్రింగుకు, పళ్ళచక్రములకు ఒక చుక్క నూనె వేస్తే చాలును.