అమీర్‌పేట కోర్సుల కథ

అమీర్‌పేట అంటే ఇప్పటి పిల్లలకు మెట్రో మారే స్టేషన్. మా తరానికి మాత్రం మైత్రీవనం చుట్టూ గోడలు కనబడకుండా వేలాడిన కోర్సుల బోర్డులే గుర్తు.

దీని వెనక వైటూకే కథ ఉంది. పాత కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకునేవి. 2000 వస్తే 1900 అనుకుంటాయేమోనని అమెరికా కంపెనీలు కంగారుపడ్డాయి. కోబాల్ ప్రోగ్రాములు సరిదిద్దేవాళ్ళు బోలెడుమంది కావాల్సొచ్చారు. అప్పుడే 1998లో ఇక్కడ సైబర్ టవర్స్ కూడా తెరిచారు. ఇన్‌స్టిట్యూట్లు పుంజుకున్నాయి. తర్వాత జావా, డాట్‌నెట్, శాప్... అక్కడ ఏది నడిస్తే ఇక్కడ ఆ బోర్డు లేచేది.

ఊళ్ళనుంచి వచ్చిన పిల్లల కోసం పంజాగుట్ట దాకా హాస్టళ్ళు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపుల్లో నోట్సు. ఇంగ్లీషు తడబడే పిల్లవాడికి తెలుగు కలిపి విడమరిచి చెప్పే సారు దొరికేవాడు. పేరున్న కాలేజీలో సీటు రానివాళ్ళకు ఇదే దారి.

2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే చాలా హాస్టళ్ళు ఖాళీ చేయమన్నాయి. పిల్లలు బ్యాగులతో పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. క్లాసులు ఫోన్లోకి వెళ్ళాయి.

ఊళ్ళోనే కూర్చుని నేర్చుకుంటే హాస్టల్ ఖర్చు మిగులుతుంది, అమ్మలకు బెంగ ఉండదు. నిజమే. కానీ "ఆ కోర్సుకి డబ్బులు దండగరా, ఇది చెయ్యి" అని చెప్పే రూమ్మేటు ఫోన్లో దొరకడు కదండీ!