గ్రామ పటాలకు డిజిటల్ రూపం: గీత కన్నా కొలతే ప్రమాణం

సర్వే కార్యాలయాల్లో దశాబ్దాలుగా భద్రపరచిన గ్రామ పటాలు, క్షేత్ర కొలతల పుస్తకాలు (ఎఫ్ఎంబీలు), టీపన్లు క్రమంగా కాగితం నుంచి కంప్యూటర్‌లోకి మారుతున్నాయి. 2008లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన భూరికార్డుల ఆధునికీకరణ కార్యక్రమంలో ఇది ప్రధానాంశం. పటాన్ని స్కాన్ చేసి, అందులోని బిందువులకు నేలపై ఉన్న అక్షాంశ రేఖాంశాలను జతపరచడాన్ని జియోరిఫరెన్సింగ్ అంటారు. వినడానికి సులువే. పొరపాటు జరిగితే మాత్రం రైతు గట్టు తెరపై పక్క పొలంలోకి జరుగుతుంది.

గీతలోనే రెండు మీటర్లు: మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో పలు గ్రామ పటాలను మైలుకు 16 అంగుళాల చొప్పున గీశారు. అంటే కాగితంపై ఒక మిల్లీమీటరు నేలపై దాదాపు 4 మీటర్లు. సరిహద్దు గీత మందం అర మిల్లీమీటరు ఉన్నా అది రెండు మీటర్ల వెడల్పును కప్పేస్తుంది. తేమకు సాగి, ఎండకు ముడుచుకుని, మడతల వద్ద చిరిగిన కాగితాన్ని ఎంత మంచి స్కానరుతో తీసినా ఆ లోపం పోదు. కనుక గ్రామ పటం పొలం ఎక్కడుందో చూపడానికి పనికివస్తుంది గాని, గట్టు తేల్చడానికి కాదు.

ఎఫ్ఎంబీ విషయం వేరు. అందులో ప్రతి సర్వే నంబరుకు రాళ్ల మధ్య దూరాలు, ఆధార రేఖ నుంచి మలుపులకు తీసిన ఆఫ్‌సెట్లు అంకెల్లో రాసి ఉంటాయి. కాగితం ముడుచుకున్నా అంకె ముడుచుకోదు. అందువల్ల బొమ్మపై గీత వెంట మౌస్ జరపడం కన్నా ఆ కొలతలను నమోదు చేసి, కంప్యూటర్‌తోనే క్షేత్రాన్ని తిరిగి గీయించడం మేలైన పద్ధతి. జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) రూపొందించిన కొల్లాబ్‌ల్యాండ్ ఈ విధంగానే పనిచేస్తుంది.

ఇక్కడ ప్రమాణాల తికమక ఉంది. ఆంధ్ర ప్రాంతపు పాత ఎఫ్ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 66 అడుగుల గొలుసుకు 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. తెలంగాణ టీపన్లు 33 అడుగుల గొలుసు, అణాల లెక్కలో సాగాయి. ఆ గొలుసు పొడవు, వెడల్పుల చదరం ఒక గుంట. మెట్రిక్ విధానం వచ్చాక గీసినవి మీటర్లలో ఉంటాయి. ఒకదాన్ని మరొకటిగా ఎక్కిస్తే విస్తీర్ణమే తారుమారవుతుంది.

రాయి దొరికితేనే: మూడు గ్రామాల హద్దులు కలిసేచోట నాటిన ట్రైజంక్షన్ రాళ్లు పటాన్ని నేలకు కట్టే నమ్మకమైన బిందువులు. చెరువు కట్టలు వెడల్పవుతాయి, బాటలు వంపు మారుతాయి. వాటిని ఆధారం చేసుకోరాదు. దుక్కిలో రాళ్లు కనుమరుగైన గ్రామాల్లోనే అసలు చిక్కు. సాధారణంగా వాడే అఫైన్ పద్ధతికి మూడు బిందువులు చాలు. అయితే సరిగ్గా మూడే ఇస్తే దోషం సున్నా అని తెర చూపుతుంది, బిందువు తప్పయినా సరే! మరికొన్ని రాళ్లను లెక్కలో కలపకుండా పక్కన ఉంచి, ఫలితాన్ని వాటితో పరీక్షించినప్పుడే అసలు తేడా బయటపడుతుంది.

యూటీఎం ప్రక్షేపణలో రెండు రాష్ట్రాల్లో అత్యధిక భాగం 44వ మండలంలో ఉంది. అనంతపురం 43లోకి, ఇచ్ఛాపురం 45లోకి వస్తాయి. కనుక రాష్ట్రమంతటి పటాలను కలిపేటప్పుడు ఈ అంచు జిల్లాలను ప్రత్యేకంగా చూడాలి.

పక్కపక్క క్షేత్రాలను కలిపినప్పుడు మధ్య సందులు, ఒకదానిపై ఒకటి ఎక్కిన అంచులు కనిపించడం సహజం. తెరపై లాగి అతికిస్తే పటం అందంగా ఉంటుంది గాని, ఆ సందు ఎవరో ఒకరి భూమి. ఆ తేడాను నమోదు చేసి, ఇరువైపుల రైతుల సమక్షంలో నేలపై కొలవడమే న్యాయం. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే స్థిర కేంద్రాలు వినియోగించినా, విస్తీర్ణాల తేడాలపై ఫిర్యాదులు తప్పలేదు.

కొత్త పటం చేతికి వచ్చిన రైతు మొత్తం విస్తీర్ణంతో సరిపెట్టుకోక, ఒక్కో భుజం పొడవును పాత ఎఫ్ఎంబీ నకలుతో పోల్చుకోవాలి. తేడా కనిపిస్తే క్షేత్ర హద్దు కొలతకు ‘ఎఫ్-లైన్’ దరఖాస్తు చేసుకోవచ్చు.